ఎడమ పక్క అద్దం

పోయిన ఆదివారం పుంగనూరులో మా అక్క ఇంట్లో కూర్చుని పాత కంప్యూటర్‌లోని సరుకంతా కొత్తదాంట్లోకి మారుస్తున్నాను. సరుకంటే పెద్దదేమీ కాదు. పొలం కాగితాల కాపీలు, పెళ్లిళ్ల ఫోటోలు, మేనకోడలి చదువు తాలూకు ఫైళ్లు, వాటన్నిటికీ అడుగున మా బావ ఏళ్ల తరబడి నడిపిన లారీ ఆట. మదనపల్లెలో ఇరవై ఐదేళ్లకు పైగా కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నవాణ్ణి కాబట్టి, చుట్టాల ఇళ్లలో కాళ్లకు నీళ్లిచ్చే లోపలే నాకు ఏదో ఒక మిషను చూపించడం ఆనవాయితీ అయిపోయింది. డాక్టరైన మా దూరపు బంధువొకాయన పెళ్లిళ్లకు రావడం ఎందుకు మానేశాడో నాకు బాగా తెలుసు. మేనకోడలు నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఇంటి దగ్గరనుంచే ఏదో కంపెనీకి పని చేస్తోంది. కంప్యూటర్ల సంగతి నాకన్నా ఎక్కువే తెలుసు, తెలిసినా నా ముందు బయటపడనివ్వని మర్యాదా తెలుసు. ఆట సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని పాతదాంట్లో ఒకసారి తెరిచి సెట్టింగుల పేజీ పెట్టాను. నీడలు ఆఫ్. గడ్డి ఆఫ్. వాన ఆఫ్. దూరపు కొండలు లో, బొమ్మల నునుపు లో. ఆ వరసలో ఒక్క అద్దాలు మాత్రం హై.

“ఏం మామా, ఎవురు పెట్టినారు ఈ సెట్టింగులు? తలా తోకా లేదే. స్పీడు కావాలంటే ఫస్టు తీసేసేది అద్దాలే గదా,” అంది మేనకోడలు.

“నేనే పెట్టినానమ్మా,” అన్నాను.

పెద్దాయన కూడికలో తప్పు చేస్తే చూసీ చూడనట్టు ఊరుకుంటారే, అలా చూసి ఊరుకుంది. గడప దగ్గర చాటలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుస్తున్న మా అక్క తల ఎత్తలేదు. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు ఆ గడప దగ్గర కూర్చున్న మనిషికి కూడా చెప్పాల్సిందని, ఏడేళ్లుగా చెప్పకుండా దాటేస్తున్నానని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మంచినీళ్లు అడిగాను.

కంప్యూటర్ ఆటలు తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ఆట అంటే మిషను గబగబా గీసే బొమ్మల వరస. సెకనుకు ముప్పై బొమ్మలు గీస్తే లారీ సాఫీగా పోతున్నట్టు కనిపిస్తుంది. పదో పన్నెండో గీయగలిగితే కుంటుతూ పోతుంది. మిషను పాతదైతే దాని చేత తక్కువ చాకిరీ చేయించాలి. చెట్టు గీయి, చెట్టు నీడ గీయవద్దు. రోడ్డు గీయి, రోడ్డు పక్క గడ్డి గీయవద్దు. అలా ఒక్కొక్కటి తగ్గిస్తూ పోతే వేగం పెరుగుతుంది. వీటన్నిటిలోకీ బరువైనవి లారీ పక్క అద్దాలు. ఎందుకంటే ముందున్న లోకాన్ని ఒకసారి గీసిన మిషను, వదిలేసి వచ్చిన లోకాన్ని అద్దంలో మళ్లీ గీయాలి. అందుకని మా పనివాళ్లం ఎవరమైనా సరే మొదట అద్దాల మీదే చెయ్యి వేస్తాం. నేనూ అదే చేశాను, అక్కడే తప్పు చేశాను.

మా బావది కుప్పం పక్క పల్లె. పెళ్లయ్యాక పుంగనూరులో కాపురం పెట్టాడు. మొదట్లో మదనపల్లె మార్కెట్ నుంచి టమోటా లోడ్లు తోలేవాడు, తర్వాత కుప్పం గ్రానైట్ బండలకు మారాడు. టమోటాలతో పరుగు పెట్టాలి, బండలతో నిదానించాలి, రెండూ నేర్చుకున్నోడే డ్రైవరు అనేవాడు. మూడు రాష్ట్రాలు కలిసే చోట పుట్టిన మనిషి కాబట్టి దారిలో జగడం వస్తే తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, తమిళంలో రాజీపడేవాడు. ఇంట్లో మాత్రం మూడు భాషల్లోనూ మాట తక్కువ. మనిషి రాయి అని మా అమ్మ అనేది. రాయి కాదు, రాయి మోసే మనిషి అని మా నాన్న సరిదిద్దేవాడు. ఆయన మీద మా అక్కకు పెళ్లయిన నాటి నుంచీ ఒకే ఒక్క ఫిర్యాదు. లారీ వాళ్ల వీధిలోకి రాదు, పలమనేరు రోడ్డు మీదే నిలబెట్టాలి. అక్క క్యారియరూ నీళ్ల క్యానూ పట్టుకుని వీధి మొగదాకా పోయి సాగనంపేది. ఆయన ఎక్కేవాడు, ఇంజను స్టార్టు చేసేవాడు, పోయేవాడు. “మీ బావ బండెక్కినాడంటే ఇల్లు మర్సిపోయినట్టే. ఒక్క తూరన్నా తల తిప్పి సూసిన పాపాన పోలా,” అని నేను పోయినప్పుడల్లా చెప్పేది. మొదట్లో నవ్వుతూ చెప్పేది, తర్వాత తర్వాత నవ్వకుండా చెప్పేది.

నేను ఆయన లారీలో ఒకే ఒకసారి ఎక్కాను. కుప్పంలో ఒకరికి రెండు కంప్యూటర్లు బిగించే పని పడింది. బావ ఎట్లాగూ లోడు కోసం ఖాళీ బండితో పోతున్నాడు కాబట్టి డబ్బాలు క్యాబిన్లో పెట్టుకుని ఎడమ వైపు సీట్లో కూర్చున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలించాడు. అక్క రోడ్డు అంచున నిలబడి ఉంది. బావ చేయని మర్యాద మనమన్నా చేద్దామని నేను కిటికీలోంచి సగం బయటికి వంగి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. “తల లోపలికి పెట్టుకో బామ్మర్దీ, అద్దానికి అడ్డమొస్తాండావు,” అన్నాడు బావ. వెనక ఏదో బస్సు వస్తోంది కాబోలు, ఆయనకు అద్దం కావాలి కాబోలు అనుకుని సర్దుకున్నాను. వెనక ఏ బస్సూ లేదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

కుప్పం చేరేదాకా ఆయన మాట్లాడిందంతా అద్దాల గురించే. ముందుండేది అందరికీ కనిపిస్తుందట, దానికి డ్రైవరు అక్కర్లేదట. ఎడమద్దంలో చక్రం అంచు ఎంత కనపడాలో, వంపు తిరిగేటప్పుడు బండలకు కట్టిన గొలుసు ఎట్లా కనపడాలో చూపించాడు. గొలుసు వదులైతే మొదట అద్దానికే తెలుస్తుందట. అంత పొడుగు మాటలు ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు. కుప్పంలో టీ కొట్టు దగ్గర నా డబ్బాలు దింపి, మర్యాదకైనా కూర్చోకుండా పోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు, అటుపక్కే ఒక చోట బండను లారీ మీదికి ఎత్తుతుండగా అది జారింది. బావ కింద నిలబడి గొలుసు చూస్తున్నాడు. కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఎవరి తప్పూ లేదని ఆయనే అన్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు అన్న ఆ మాటే చాలాకాలం పాటు ఆయన మాట్లాడిన చివరి మాట. మంచం గోడ వైపు వేయించుకున్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. కట్టెకాలు తెచ్చి ఇస్తే చేత్తో పక్కకు జరిపాడు. మేనకోడలు అప్పుడు కాలేజీ హాస్టల్లో ఉండేది. ఫోన్ చేస్తే అక్క అంతా బాగుందనేది. ఒకరోజు అక్క బస్సులో మదనపల్లె వచ్చి, నా దుకాణంలో గోనెసంచి ఒకటి దించింది. టమోటా తోటకు కొట్టే పురుగుల మందు డబ్బాలు. “ఇంట్లో వద్దప్పా. నీ కాడ పెట్టుకో. మందు కొట్టే రోజు వచ్చి తీసకపోతా,” అంది. ఆమె భయం ఏమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సంచిని పాడైపోయిన మానిటర్ల వెనక దాచి, ఆ సాయంత్రం దుకాణం పెందలాడే మూసేశాను. మా బావను మళ్లీ మనుషుల్లో పడేయాలి, ఎట్లాగైనా సరే. అక్కకు ఉన్న కోరిక అంతే, నాకు ఉన్న పనీ అంతే.

దుకాణంలో ఎవరో వదిలేసి పోయిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. ఆటలు ఆడించడానికి పుట్టింది కాదు, ఏదో ఆఫీసులో ఉత్తరాలు కొట్టి కొట్టి అలిసిపోయిన మిషను. దాంట్లో లారీ నడిపే ఆట ఒకటి ఎక్కించి పుంగనూరు తీసుకుపోయాను. బావ మంచానికి అడ్డంగా స్టూలు వేసి పెట్టాను. ఆయన గోడ వైపు నుంచి తిరగలేదు. నేనే నడపడం మొదలుపెట్టాను. సైకిలు తప్ప ఏదీ సరిగా తోలడం చేతకాని నేను, ఆ బరువు లారీని టాప్ గేరులో కదిలించబోయి నానా రభస చేశాను. రెండు నిమిషాలకు వెనకనుంచి మాట వినిపించింది.

“ఆ శబ్దం ఆ బండిది కాదు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. బావ మోచేతి మీద లేచి తెర వంక చూస్తున్నాడు. ఏ బండి శబ్దం దేనికి పెట్టారో, ఆ గేరులో అట్లా ఎందుకు మూలుగుతోందో చెప్పాడు. చివరికి, “అట్ల తోల్తే క్లచ్చు పోతాది, లెయ్ ఆణ్నించి,” అన్నాడు. నేను లేచాను. నా జీవితంలో ఎవరి తిట్టూ నాకు అంత తియ్యగా లేదు.

మొదటి రెండు రోజులు ఎదురొచ్చిన ప్రతి బండినీ గుద్దాడు. ఆటలోది ఏదో పరాయి దేశం, అక్కడ కుడి పక్కన పోవాలి, ఆయన ముప్పై ఏళ్లు ఎడమ పక్కన పోయినవాడు. “అందురూ రాంగ్ సైడు వస్తాండారు,” అన్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు. కానీ మిషను కుంటుతోంది. రోడ్డు మీద ఏదో ఇంతో అంతో పోయేది. ఊళ్లోకి పోయేసరికి అడుగుకొకసారి ఆగి ఎగిరి పడేది. “డీజిల్ లైన్లో ఎయిర్ పట్టిండాది బామ్మర్దీ,” అన్నాడు బావ. నేను సెట్టింగుల పేజీ తెరిచి, హై అంటే ఏమిటో లో అంటే ఏమిటో వివరించబోయాను. ఆయన నన్ను పూర్తి చేయనివ్వలేదు. “లో అంటే తెలీదా నాకు? ఎత్తు ఎక్కేటప్పుడు లో గేరు వెయ్యాల. బలం కావాల్నంటే ఇసురు తగ్గించుకోవాల. మిషనైనా అంతే గదా,” అన్నాడు. నేను కాలేజీలో చదివి, పది మందికి నేర్పించి, ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అయితే ఆ మాటతో ఆగకుండా నా పనితనం చూపించుకోవాలనే దుగ్ధ నాకు పుట్టింది. తెర మూలన సెకనుకు ఎన్ని బొమ్మలో చూపించే అంకె ఒకటి పెట్టాను. పన్నెండు ఉంది. నీడల నునుపు తగ్గించాను, పదిహేను అయింది. ఇంకొన్ని తగ్గించాను, పద్దెనిమిది. ఊళ్లోకి పోతే మళ్లీ పదకొండు. అప్పుడు అద్దాలు ఆపేశాను. ఒక్కసారిగా ఇరవై తొమ్మిది. లారీ నూనె రాసినట్టు పోయింది. బావ కట్టెకాలు కట్టించుకోవడానికి లోపలికి పోయి ఉన్నాడు. అవును, కట్టెకాలు. కుర్చీలో నిటారుగా కూర్చోవాలంటే అది కావాల్సి వచ్చి తనంతట తానే అడిగాడు. ఆయన వచ్చేలోగా బస్సు టైమయిందని, “సరిచేసినా బావా, ఇంగ గాలి మాదిరి పోతాది,” అని కేకేసి, ఆ ఇరవై తొమ్మిదిని తలుచుకుంటూ మదనపల్లె దాకా సంతోషంగా వచ్చాను.

నెలన్నర తర్వాత అక్క ఫోన్ చేసింది. “ఆట యిడ్సిపెట్టినాడప్పా. నువ్వు పోయిన మూడో దినం నుంచీ దాని పక్క సూడలా. మళ్లీ గోడ పక్కకే తిరిగినాడు. కాలు గూడా యిప్పేసినాడు.” నెలన్నర ఎందుకు ఆగావని అరిచాను. “నీ పని నీకుండాది గదా, ఊరికే యాల పిల్సేదని,” అంది. ఆ పూటే పోయాను. ఆట విసుగు పుట్టి ఉంటుంది, వేరేది ఏదన్నా పెడదామని నాలుగు ఆటలు పట్టుకుని పోయాను. నా బుద్ధి అంతవరకే పోయింది.

బావ గోడ వైపు తిరిగి ఉన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏం బావా, బండి తీయడం లేదంట?” అన్నాను. గోడ వైపు నుంచే జవాబు వచ్చింది.

“అద్దాలు పగిలిపోయినాయప్పా. ఊర్లో యాడో కొట్టేసుకున్యట్టుండా. షెడ్డుకు తీసకపోయినా. అంతా రిపేరు సేసినామన్యారు. మళ్లీ సూస్తే అద్దాలు నల్లగానే ఉండాయి. రెండు తూర్లు తీసకపోయినా. అద్దం ల్యాకుండా రోడ్డు మీదికి బండి యెట్ల తీసేది? అందుకే పక్కకేసి పెట్టినా.”

నాకు నవ్వు రావాలి. ఏ డ్రైవరుకైనా సందుల్లో అద్దం తగిలి పోవడం మామూలే, ఆయన కూడా అదే అనుకున్నాడు. తన చేతనే పోయిందనుకున్నాడు. ఆటలో ఉండే షెడ్డుకు వెనక ఏముందో తెలియని బండిని నిదానంగా నడుపుకుంటూ రెండుసార్లు తీసుకుపోయాడు. కాలు పోయింది, ఇప్పుడు చూపు కూడా పోయింది, ఉత్తుత్తి బండిని కూడా చెడగొట్టుకున్నాననుకుని గోడ వైపు తిరిగాడు. నెలన్నర పాటు. నాకు నవ్వు రాలేదు, సిగ్గు వేసింది. అద్దాలు తీసేసింది నేను. ఆయనతో ఒక్క మాట అనకుండా, ఒక అంకె కోసం తీసేశాను. “నేనే తీసేసినా బావా, నువ్వు కొట్టుకోలా,” అని చెప్పాను. ఆయన ఇటు తిరిగి నన్ను చూశాడు. కోపం చేసుకుంటాడనుకున్నాను. “నువ్వా? అయితే నా సెయ్యి బాగనే ఉండాది,” అన్నాడు, అంతే.

ఆ మధ్యాహ్నం ఇద్దరం మిషను ముందు కూర్చుని బేరం ఆడాం. అద్దాలు హైలో పెట్టాను, అంకె తొమ్మిదికి పడింది. ఇంక మిగిలినవాటిల్లో ఏమేం వదులుకోవాలో ఆయన్నే అడిగాను, ఒక్కొక్కటీ. నీడలు తీసేయనా అన్నాను. “తీసెయ్. మిట్టమధ్యాన్నం అనుకుంటా.” గడ్డి? “మన పక్క గడ్డి యాడుండాది లే, తీసెయ్.” వాన? “అది రాకపోయేది మనకు కొత్తా?” అన్నాడు, వంటింట్లోంచి అక్క నవ్వడం వినిపించింది. దూరపు కొండల దగ్గర కొంచెం తటపటాయించాడు. డ్రైవరుకు కొండలే గుర్తులు. చివరికి “లో పెట్టు. దగ్గరికి పోయినాక కనపడితే సాలు,” అన్నాడు. అన్నీ పోయాక రోడ్డు సున్నం కొట్టిన గోడలాగా బోసిగా ఉంది, చెట్లు అట్టముక్కల్లా ఉన్నాయి. అంకె ఇరవై రెండు. ఆ బోసి లోకం మధ్యలో రెండు అద్దాలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

అప్పుడడిగాను, ముందు అంతా పాడు పెట్టుకుని వెనకది చూసుకోవడం ఏం సరదా బావా అని. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“వీధి మొగన బండి కదిలినాక, ఎడమద్దంలో మీ అక్క కనపడతాది. కొంగు సర్దుకుంటాది. తిరుక్కోని ఇంటికి పోతాది. బిరబిరా పోతాది, పనుండాది గదా. ఆమె వీధిలోకి తిరుక్కున్యాక నేను రోడ్డు సూస్తా. ముప్పై ఏండ్లు అట్లనే పోయినా. ఈ ఆటలో ఆమె యాడుంటాది లే, నాకు తెలుసు. అయినా బండి కదిలిస్తానే కన్ను ఆడికే పోతాది.”

తల తిప్పి ఒకసారి చూడొచ్చు కదా బావా అన్నాను.

“స్టీరింగు ముందర కూసున్నోడు తల తిప్పకూడదప్పా. అద్దం ఉండేది ఎందుకు?”

కుప్పం పోయిన రోజు కిటికీలోంచి వంగిన నా తల ఆ ఎడమద్దానికి అడ్డం వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత బావ ఐదేళ్లు లారీ నడిపాడు. పొద్దున టిఫిను తిని, కట్టెకాలు కట్టుకుని, కంప్యూటర్ పక్కన ఒక నిమ్మకాయ పెట్టి బయల్దేరేవాడు. ఆయుధ పూజకు కీబోర్డుకు బొట్లు పెట్టించేవాడు. ఒకసారి కుంకుమ మీటల సందుల్లో పడి నేను బ్రష్షు పట్టుకుని పోవాల్సి వచ్చింది. నేను లేనప్పుడు సెట్టింగులు కూడా ఆయనే మార్చుకోవడం నేర్చాడు. ఊరి పొలిమేరలో బండి పక్కకు ఆపి, పేజీ తెరిచి, మిగిలిన బొమ్మల నునుపు కూడా లోకి దించేవాడు. ఊరు దాటాక మళ్లీ ఆపి ఒక మెట్టు పైకి వేసేవాడు. గేరు మార్చినట్టే. వీధిలో వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు, తర్వాత తోట దాకా నడిచి పోవడం మొదలుపెట్టాడు. రెండో ఏడాది అక్క నా దుకాణానికి వచ్చి గోనెసంచి తీసుకుపోయింది. మందు కొట్టే రోజేనా అని అడిగాను. “కాదప్పా, ఇంట్లోనే ఉండనీలే,” అంది. ఆమె బస్సెక్కేదాకా నిలబడి చూశాను.

రెండేళ్ల కింద బావ పోయాడు. షుగరు, దాని వెనక మూత్రపిండాలు. మంచం మీద పదిహేను రోజులు కూడా లేడు. ఆయన చెప్పిన ఎడమద్దం సంగతి నేను అక్కకు చెప్పలేదు. ఆయన బతికి ఉన్నప్పుడు, ఆయనే చెప్పుకుంటాడులే, మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకని ఊరుకున్నాను. పోయాక, ఇప్పుడు చెప్పి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను. రెండూ మంచి సాకులే. నిజం ఏమిటంటే మొదట్లో అది నాకు చిన్న విషయంగా కనిపించింది, తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మొన్న ఆదివారం మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, మేనకోడలికి చెప్పాను. అద్దాలు ఎందుకు హైలో ఉన్నాయో మొత్తం చెప్పాను. షెడ్డు సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వీధి మొగ సంగతి చెప్పేటప్పుడు నేను అక్క వైపు చూడలేదు. కాయలు ఒలిచే చప్పుడు ఆగిందని మాత్రం తెలిసింది.

మేనకోడలే కొత్త కంప్యూటర్‌లో ఆట తెరిచింది. అన్నీ హైలో పెట్టేదా మామా అంది. పెట్టమన్నాను. ఒక్కసారిగా గడ్డి వచ్చింది, గాలికి ఊగుతోంది. చెట్ల కింద నీడలు వచ్చాయి. దూరంగా, ఎంత దూరమో, నీలంగా కొండలు వచ్చాయి. మా బావ ఐదేళ్లు తిరిగిన దారిలో ఆయన ఎన్నడూ చూడనివన్నీ వచ్చి నిలబడ్డాయి. లారీ ఆయన ఆఖరుసారి ఆపిన చోటే, రోడ్డు వారగా ఉంది. నాకు దుఃఖం ఆగలేదు. ఒక మంచి మిషను ఆయనకు కొనిపెట్టాలని ఐదేళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు, రోజూ మిషన్ల మధ్యే కూర్చునే నాకు.

అక్క లేచి, ఒళ్లోని పొట్టు దులుపుకుని మా వెనకకు వచ్చి నిలబడింది.

“యాదప్పా ఆ అద్దం?”

వేలితో చూపించాను. వంగి, కళ్లు చికిలించుకుని చాలాసేపు చూసింది. దాంట్లో ఖాళీ రోడ్డు, రోడ్డు అంచున ఎండ పడిన గడ్డి.

“తిరిగి సూసే మనిషి కాదులే అనుకోని, బండి కదిలీ కదలకముందే నేను లోపలికి పోతా ఉంటి గదప్పా,” అంది. “సూస్తాండాడని తెలిసుంటే ఇంగా రవంత సేపు నిలబడుండనా?”

మేనకోడలు మౌస్ మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయింది. అక్క మళ్లీ పోయి గడప దగ్గర చాట ముందు కూర్చుంది, కానీ ఈసారి కంప్యూటర్ వైపు తిరిగి కూర్చుంది. నాకూ యాభై ఐదు దాటాయి. కాలం నన్ను అడగకుండానే నా సెట్టింగులు ఒక్కొక్కటీ దించుతోంది, దూరపు కొండలు ఎప్పుడో పోయాయి, నీడలూ పలచబడుతున్నాయి, వెనక చూపించే అద్దాన్ని మాత్రం హైలో ఉంచింది. అందులో కనపడేవాళ్లకు మనం చూస్తున్నామని వేళకు చెప్పే పని మాత్రం మనకే వదిలేసింది, ఆ పని నేను ఏడేళ్లు ఆలస్యంగా చేశాను.